హృద్రోగము: రక్తదోషమా, జీవనదోషమా?

ఒకే పట్టణము, ఒకే ఎండ, ఒకే వాన, ఒకే ప్రభుత్వము. అయినను ఆ పట్టణమున ఇరుగుపొరుగుల కాపురముండిన చీనావారును, భారతీయులును గుండెజబ్బునకు సమానముగ లోబడలేదు. సింగపూరునందు 1950 మొదలు 1954 వరకు జరిగిన శవపరీక్షల పత్రములను తొమ్మిదివేలకు పైగా శోధించి, కొందఱు వైద్యులు 1959లో ఈ సంగతి ప్రకటించిరి. గుండెకు నెత్తురు నందించు నాళములు పూడుకొనిపోవు వ్యాధి చీనావారియందుకంటె మనవారియందు అనేక రెట్లు హెచ్చుగ కానవచ్చెను. ఆ భారతీయులలో తమిళులు అధికులు, తెలుగువారును గలరు. కావున ఈ లెక్క మనకు పరాయిది గాదు.

"అది వారి రక్తముననే యున్నది" అని తీర్పు చెప్పివేయుట బహు సులభము. ఆంగ్లేయులు మనల నేలిన దినములలో కొన్ని జాతులు యుద్ధమునకు పుట్టినవనియు, తక్కినవి పనికిమాలినవనియు విభజించిన విద్య యిదియే. దానిని నాడు మనము తీవ్రముగ నిరసించితిమి. నేడు ఆ మాటనే మన నోటితో మనమే పలుకుచున్నాము. తండ్రికి గుండెపోటు, పినతండ్రికి గుండెపోటు, ఇక మనకు తప్పునా యని నిట్టూర్చి, చుట్ట ముట్టించు పెద్దమనుష్యులు ప్రతి గ్రామమునను గలరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను సామెత బుద్ధికి చెల్లునేమో గాని, గుండెకు చెల్లదని మా యభిప్రాయము.

జపానీయుల విషయము చూడుడు. స్వదేశమున నున్నవారికి గుండెజబ్బు స్వల్పము. హవాయి దీవులకు వలసపోయినవారికి అంతకంటె హెచ్చు. కాలిఫోర్నియా చేరినవారికి మఱింత హెచ్చు. సముద్రము దాటినంతనే రక్తము మాఱునా? అంతేకాదు. కాలిఫోర్నియాలోనే తమ పూర్వాచారములను, బంధుమిత్ర సంఘజీవనమును విడువని జపానీయులలో ఆ జబ్బు తక్కువగ నున్నదని మార్మట్, సైమ్ అను పండితులు 1976లో వెల్లడించిరి.

మనవారిని గూర్చిన సాక్ష్యము ఇంకను స్పష్టమైనది. పశ్చిమ లండనునందు స్థిరపడిన భారతీయులను, ఇచ్చటనే యుండిపోయిన వారి తోబుట్టువులను పోల్చి చూచి 1995లో ఒక పరిశోధన వెలువడెను. ఒకే తల్లి బిడ్డలు! అయినను లండనులోని వారికి శరీరభారము, రక్తపుపోటు, కొలెస్టరాలు హెచ్చుగ నుండెను. న్యాయముగ మఱియొక మాటయు చెప్పవలెను. వంశమునుబట్టి సంక్రమించు లిపోప్రోటీన్-ఏ అను కొవ్వుపదార్థము అన్నదమ్ములిరువురియందును సమానముగనే యుండి, తెల్లవారియందుకంటె అధికముగ నుండెను. కావున రక్తమునకు ఏ పాత్రయు లేదని మేము వాదింపము. విత్తనము వంశమిచ్చినను, దానికి నీరు పెట్టుచున్నది మనము.

మనవారికి తొలి గుండెపోటు సగటున 53వ యేట వచ్చుచుండగా, తక్కిన దేశములవారికి దాదాపు 59వ యేట వచ్చుచున్నదని ఇంటర్‌హార్ట్ పరిశోధకులు 2007లో తెలిపిరి. ఈ ఆఱేండ్ల వ్యత్యాసమునకు వారు చూపిన కారణ మేమి? పొగత్రాగుట, మధుమేహము, దుష్టమైన కొవ్వు మొదలగునవి మనవారిని పిన్నవయస్సుననే పట్టుకొనుట. ఆఱేండ్లనగా సామాన్యము గాదు. కుమార్తె వివాహము, కుమారుని చదువు, చేనిమీది అప్పు ఆ యాఱేండ్లలోనే యున్నవి.

"దక్షిణాసియావాసులు" అని అందఱిని ఒక్క గోతాములో వేసి కొలుచుటయు తప్పే. న్యూకాసిల్ పట్టణమున భారతీయులను, పాకిస్తానీయులను, బంగ్లాదేశీయులను విడదీసి చూచినప్పుడు వారిలో వారికే ఎంతో భేదము గలదని 1999లో తేలెను. బంగ్లాదేశ పురుషులలో పొగత్రాగువారు మిక్కుటము. మనలోను కూలివానికి, కామందుకు, గుమాస్తాకు ఒకే లెక్క చెల్లదు.

ఇది పట్టణముల రోగమని గ్రామస్థులు నిశ్చింతగ నుండవచ్చునా? ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003-04లో మరణకారణములను విచారింపగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే కలిగినట్లు తేలెను. అంటురోగములవలన కలిగినవి అందులో సగమైనను లేవు. పచ్చని పైరుల నడుమ జరిగిన సంగతి యిది.

మన యిండ్లలో బొజ్జ కలిమికి గుర్తు. అల్లునికి పొట్ట రాకున్న అత్తగారికి చింత! కాని ఈ వ్యాధికి నడిమి కొవ్వే దారితీయుచున్నది. లండనులోని సౌత్‌హాల్ ప్రాంతమున 1991లో ప్రకటింపబడిన పరిశీలనలో మధుమేహము తెల్లవారిలో నూటికి 4గురకుండగా మనవారిలో 19 మందికుండెను. నడిమి కొవ్వును మనవారికే హెచ్చు. అందుచేతనే భారతీయ పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 మించరాదని మన వైద్యులు 2009లో హద్దు నిర్ణయించిరి. ఐరోపీయ పురుషులకు పెట్టిన హద్దు ఇంతకంటె సడలినది.

ముప్పదియేండ్లు దాటినవారిని పరీక్షించు ప్రభుత్వకార్యక్రమ మొకటి గలదు. ఆశా కార్యకర్త టేపు పట్టుకొని గుమ్మమునకు వచ్చినప్పుడు, "మాది వంశములోనే యున్నది, నీ కొలతలేమి చేయునమ్మా" యని మోతుబరులు నవ్వి పంపివేయరాదు. ఆమెను కూర్చుండబెట్టి, ముందుగా తామే నిలుచుండి కొలిపించుకొనవలెను. తండ్రి యేబదియేండ్లలోపల గుండెపోటున పోయిన యిండ్లలో బిడ్డలకు కొవ్వుపరీక్ష ముప్పదికి ముందే జరుగవలెను. ఇక ప్రభుత్వము చేయవలసినది మఱియొకటి యున్నది: మరణకారణములను వృత్తిచొప్పున, ఆదాయముచొప్పున, మండలముచొప్పున విడదీసి, మన భాషలో, ఏటేట ప్రకటించుట.