పనిచోట చదువు

బడి విడిచిన నాటితో చదువు ముగిసిందని చాలామంది భావిస్తారు. నిజానికి మనిషి జీవితంలో ఎక్కువ కాలం గడిచేది పనిచేసే చోటనే. అక్కడ నేర్చుకోవడం ఆగిపోతే, బడిలో సంపాదించిన చదువు కొన్నేళ్లకే పాతబడిపోతుంది.

ఈ సంగతి నేతపనివారికి బాగా తెలుసు. మహారాష్ట్రలోని షోలాపురమే ఇందుకు ఉదాహరణ. తెలుగునేల నుంచి తరాల కిందటే వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ ఊరి జౌళి పరిశ్రమకు ఊపిరి పోశాయి. తాత చేతిమగ్గం మీద నేర్చిన పని కొడుక్కు అబ్బింది. మరమగ్గాలు వచ్చాక వారి పిల్లలు పనిని మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. దుప్పట్ల మీద పువ్వులనూ లతలనూ తేల్చే జకార్డు మగ్గానికి రంధ్రాలు పొడిచిన అట్టలుంటాయి. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. 1804లో ఫ్రాన్సు దేశంలో జకార్డు రూపొందించిన ఈ అట్టల పద్ధతినే 1830లలో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్ర నమూనాలో వాడదలచాడు. నేటి కంప్యూటరు కూడా ‘ఉంది, లేదు’ అనే రెండు గుర్తులతోనే పనిచేస్తుంది. కాబట్టి డిజిటల్ పరికరం నేతగానికి కొత్త చుట్టమేమీ కాదు.

జపాన్ దేశంలో సాకిచి టయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం, పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయేది. తప్పుబట్ట నేయడం కంటె ఆగి సరిచేసుకోవడం మేలన్నది అందులోని సూత్రం. ఆయన కుమారుడు స్థాపించిన టయోటా కార్ల కర్మాగారంలో ఈ సూత్రమే మనుషుల పనికీ వర్తించింది. లోపం కనబడితే సామాన్య కార్మికుడైనా తాడు లాగి సహాయం కోరవచ్చు. అవసరమైతే పని మొత్తం ఆగుతుంది. తప్పు ఎవరు చేశారని కాక, ఎందుకు జరిగిందని విచారిస్తారు. పనిచోట నేర్చుకునే సంస్కృతి అంటే ఇదే.

అనేక చోట్ల ఇందుకు భిన్నమైన పరిస్థితి ఉంది. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. కొత్తగా చేరినవాడు సందేహం అడిగితే ‘ఇంతమాత్రం తెలియదా?’ అన్న ఎత్తిపొడుపు ఎదురవుతుంది. రెండుసార్లు అలా జరిగితే అతడు అడగడమే మానేస్తాడు. పాత మేస్త్రీ పని మానిన నాడు ఆయన నేర్పు కూడా ఆయన వెంటే ఇంటికి వెళ్లిపోతుంది.

ఇక్కడే డిజిటల్ పరికరాలు అక్కరకు వస్తాయి. మగ్గం ఎందుకు ఆగిందో, మేస్త్రీ దానిని ఎలా సరిచేశాడో సెల్‌ఫోనుతో చిన్న వీడియో తీసి అందరికీ అందుబాటులో ఉంచవచ్చు. రాత్రి షిఫ్టులో ఒంటరిగా ఉన్నవాడికి అదే గురువవుతుంది. చదవడం అంతగా రానివాడు కూడా తన భాషలో విని, కళ్లారా చూసి నేర్చుకుంటాడు. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ ద్వారా ఉన్నత విద్యా పాఠాలు ఉద్యోగం చేసుకుంటున్నవారికి సైతం అందుతున్నాయి.

అయితే పరికరం కొన్నంత మాత్రాన చదువు రాదు. నేర్చుకునే సమయాన్ని పనిగంటల్లోనే లెక్కించాలి. పన్నెండు గంటలు నిలబడి పనిచేసినవాడిని ఇంటికి వెళ్లి పాఠం చూడమనడం న్యాయం కాదు. పాఠం చూపే ఫోను కార్మికుణ్ణి కాపలా కాసే కన్నుగా మారకూడదు. మారితే తప్పులు దిద్దుకోవడానికి బదులు దాచుకోవడం మొదలవుతుంది.

నేర్చుకున్నవాడు మరోచోటికి పోతాడని యజమానుల జంకు. కొందరు పోతారన్నది నిజమే. కాని వారు చెప్పి ఉంచిన పాఠం అక్కడే ఉంటుంది. తన నేర్పంతా వీడియోలోకి ఎక్కితే ఇక తన అవసరం తీరిపోతుందేమోనని పనివాడి భయం. ఈ భయం అంతకంటె పెద్దది, తోసిపుచ్చరానిది. అందుచేత నేర్పినవాడి పేరు ఆ పాఠంపై ఉండాలి. నేర్పినందుకు తగిన ప్రతిఫలమూ అందాలి.

నేటి విద్యార్థులు రేపు మిల్లులోనో, దుకాణంలోనో, కార్యాలయంలోనో పనికి కుదురుతారు. తెలియనిది అడగడానికి సిగ్గుపడకపోవడం, అడిగినవాడిని చూసి నవ్వకపోవడం బడిలో ఉండగానే అలవడాలి. ఆ అలవాటు ఉన్నచోటనే ఏ పరికరమైనా ప్రయోజనకరమవుతుంది.