ఫైన్ కట్టాం, కేసు పోలేదు

ఆరేళ్ల కిందట మా మండలంలో ధాన్యం కాంటా వేయడం లేదని రోడ్డెక్కాం. కల్లాల్లో వడ్లు తడిసి మొలకెత్తుతుంటే కొనుగోలు కేంద్రంలో గోనె సంచులు లేవన్నారు, లారీలు రాలేదన్నారు. రెండు గంటలు రాస్తారోకో చేశాం. మర్నాడు కాంటాలు మొదలయ్యాయి. దాంతోపాటే ఇరవై మూడు మంది మీద కేసూ మొదలైంది. దారి అడ్డగించారట, చట్టవిరుద్ధంగా గుమిగూడారట, ఉత్తర్వులు ధిక్కరించారట. ఆ ఇరవై మూడు మందిలో నేనూ ఉన్నాను.

ఏడాదిన్నర వాయిదాలకు తిరిగాక లోక్ అదాలత్‌కు రమ్మన్నారు. కోర్టు ఆవరణలో చెట్టు కింద మమ్మల్ని నిలబెట్టి ఒక కానిస్టేబుల్ చెప్పాడు: "జడ్జిగారు అడిగితే తప్పయిందని ఒప్పుకోండి. తలా ఐదొందలు ఫైన్ కట్టండి. కేసు పోతుంది, వెళ్లి పొలం పని చూసుకోండి." అప్పుడు నాట్ల సీజను. ఇంటి దగ్గర నారు ముదిరిపోతోంది. పంతొమ్మిది మంది ఒప్పుకుని కట్టేశారు. మేం నలుగురం కట్టలేదు. అందులో మా తెలివేమీ లేదు. చేయని తప్పు చేశామని చెప్పడానికి నోరు రాలేదు, అంతే. మరో ఏడాదికి సాక్షులెవరూ రాక మా నలుగురి మీద కేసు కొట్టేశారు.

ఫైన్ కట్టినవారిలో తండ్రి వెంట వచ్చిన డిగ్రీ కుర్రాడు ఒకడున్నాడు. తండ్రి కౌలు రైతు. ఆ కుర్రాడు నిరుడు ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. కేసులున్నాయా, శిక్ష పడిందా అని అడిగిన చోట 'లేదు' అని రాశాడు. మోసం చేయాలని కాదు. కేసు పోయిందనే అతను నమ్మాడు. పోలీసు వెరిఫికేషన్‌లో అంతా బయటికొచ్చింది. కాగితాల మీద అతను నేరం ఒప్పుకుని శిక్ష పడినవాడు, పైగా దాన్ని దాచినవాడు. నియామకం ఆగిపోయింది. "నేను రోడ్డు మీదికి తీసుకెళ్లబట్టే కదా" అని ఆ తండ్రి నా ముందు కూర్చుని ఏడ్చాడు. ఆయన్ను తీసుకెళ్లింది సంఘం. సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి పిలిచింది నేను.

ఆ రోజు చెట్టు కింద ఒక్కడైనా చెప్పాల్సిన మాట ఇది: రాజీ వేరు, ఒప్పుకోలు వేరు. రాజీకి వీలున్న నేరంలో ఎదుటి మనిషితో రాజీ కుదిరితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. నేరం ఒప్పుకుని ఫైన్ కడితే అది శిక్ష. ఐదొందలైనా శిక్షే, ఐదు రూపాయలైనా శిక్షే. ఊళ్లో మాత్రం రెంటినీ 'కేసు కొట్టేశారు' అనే అంటాం.

చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఉత్తర్వు ధిక్కరించారన్న నేరానికి సంబంధిత అధికారో, ఆయన పై అధికారో కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసుల చార్జిషీటు ఒక్కటే చాలదు. చిన్న నేరాలకు గడువు ఉంటుంది. ఏడాది లోపు శిక్ష ఉండే నేరమైతే ఏడాదిలోగా కేసు కోర్టుకు చేరాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది, కానీ మన్నించవద్దని వాదించే లాయరు మనకూ ఉండాలి కదా. ఒకవేళ నేరం రుజువైనా, 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది. రెండేళ్లకు మించని శిక్ష ఉండే నేరంలో, పాత శిక్షలు లేనివాణ్ణి మందలించి వదిలేయమని అడగవచ్చు. అలా వదిలిన మనిషికి శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మా పంతొమ్మిది మందిలో ఒక్కరి తరఫునా ఎవరూ ఈ మాట అడగలేదు.

ఉచిత న్యాయ సహాయం ఉంది కదా అంటారు. ఉంది, చట్టంలో బ్రహ్మాండంగా ఉంది. రాజ్యాంగం 39ఏ అధికరణం చెబుతోంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ఎవరెవరికి ఇవ్వాలో చెబుతోంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. వరదలో, కరువులో దెబ్బతిన్నవారూ ఆ జాబితాలో ఉన్నారు. అంటే రైతు ఆ చట్టంలో ఉన్నాడు! న్యాయ సేవ అంటే కోర్టులో వాదించడం ఒక్కటే కాదని, ఏ అధికారి ముందు నడిచే వ్యవహారమైనా, ఏ న్యాయ సలహా అయినా అందులోకి వస్తుందని కూడా అదే చట్టం అంటోంది. మరి జరుగుతున్నదేమిటి? బెయిలుకో లాయరు, వాయిదాకో లాయరు. తీర్పుతో ఆ సహాయం ఆగిపోతుంది. మనిషి కష్టాలు మొదలయ్యేదే అక్కడ. తీర్పు నకలు తీసుకోవడం, స్టేషను రికార్డులో కేసు ముగిసిందని రాయించడం, రౌడీషీటు మూయించడం, పాస్‌పోర్టుకు కోర్టు అనుమతి తేవడం, ఉద్యోగ దరఖాస్తులో ఏం రాయాలో తెలుసుకోవడం, వీటికి ఎవరి దగ్గరికి వెళ్లాలి? బ్రోకరు దగ్గరికి.

పాలకులు రైతును రాజు అంటారు. 2017లో ఖమ్మం మార్కెట్‌లో ధర పడిపోయి కడుపు మండిన మిర్చి రైతులను బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. 2020లో అమరావతి రైతులను బేడీలతో జైలుకు తరలించారు. అకారణంగా బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అక్కడొక పార్టీ ప్రభుత్వం, ఇక్కడొక పార్టీ ప్రభుత్వం. బేడీలు మాత్రం ఒక్కటే. నాయకుల మీద కేసులైతే ఎత్తేయడానికి ప్రభుత్వాలకు దారి దొరుకుతుంది. ఆ జోరు చూసే, హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీలు, ఎమ్మెల్యేల మీద కేసులు ఉపసంహరించరాదని 2021లో సుప్రీంకోర్టు కళ్లెం వేయాల్సి వచ్చింది. రైతుల కేసులు ఎత్తేస్తామని కేంద్రం రాతపూర్వకంగా ఒప్పుకోవాలంటే మాత్రం ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా ఎండకూ చలికీ కూర్చోవాల్సి వచ్చింది. ఆ లేఖ తేదీ 2021 డిసెంబర్ 9.

ఇక్కడ మనవాళ్లకు నచ్చని మాట ఒకటి చెబుతాను. ఉద్యమ కేసులంటే మనం అడగాలి, మిగతావారి సంగతి మనకెందుకు అని పోయిన నెల సమావేశంలో కొందరన్నారు. పల్లెల్లో కేసుల్లో ఎన్ని గట్టు తగాదాలు, ఎన్ని కాలువ నీటి తగాదాలు? మా పక్క ఊళ్లో ఒకాయన గట్టు దగ్గర కర్ర ఎత్తాడు. జైలుకెళ్లాడు, శిక్ష మొత్తం అనుభవించి వచ్చాడు. ఇప్పుడాయనకు ఎవరూ కౌలుకు భూమి ఇవ్వరు. ఊళ్లో కోడి పోయినా ముందు ఆయన్నే స్టేషనుకు పిలుస్తారు. ఆయన చేసింది ఒప్పని నేననను. జడ్జి వేసిన శిక్షకు ఒక లెక్క ఉంది. ఊరు వేసే శిక్షకు లెక్కా లేదు, గడువూ లేదు. ఆ మనిషికి మళ్లీ అరక పట్టుకునే దారి లేకపోతే మళ్లీ కర్రే పడతాడు. మన కేసు మంచిది, వాడి కేసు చెడ్డది అని మనమే గీత గీస్తే, రేపు ప్రభుత్వం అదే గీతకు అవతల మనల్ని నిలబెడుతుంది.

తప్పు మనలోనూ ఉంది. ధర్నాకు బస్సులు మాట్లాడతాం, భోజనాలు ఏర్పాటు చేస్తాం, కేసు పడితే 'ఏం కాదులే' అంటాం. ఎవరి మీద ఏ కేసు, ఏ కోర్టు, ఏ దశలో ఉందో రాసిన పుస్తకం ఎన్ని మండల కమిటీల దగ్గర ఉంది? మా దగ్గర లేదు. నెల కిందటే మొదలుపెట్టాం.

అందుకే ఇవి అడుగుదాం. పంటల కొనుగోలు, నీళ్లు, కరెంటు, భూమి కోసం జరిగిన ఆందోళనల కేసులన్నీ ప్రభుత్వం కోర్టు అనుమతితో ఉపసంహరించాలి. లోక్ అదాలత్‌లో నేరం ఒప్పుకునే ప్రతి మనిషికీ, అది శిక్ష కిందికి వస్తుందని న్యాయ సేవా కమిటీ లాయరు ముందుగా తెలుగులో చెప్పాలి. కేసు ముగిశాక రికార్డులు, రౌడీషీట్లు, ఉద్యోగాల విషయంలో సహాయం చేసే బల్ల ఒకటి ప్రతి మండల న్యాయ సేవా కమిటీలో ఉండాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా మనం చేయగలిగింది చేద్దాం. ప్రతి మండల కమిటీ కేసుల పుస్తకం పెట్టాలి. కోర్టుకు వెళ్లే ముందు 15100కు ఫోను చేసి లాయరును అడగాలి. లాయరు లేకుండా నేరం ఒప్పుకోవద్దు. దరఖాస్తుల్లో కేసును దాచవద్దు. చిన్న వయసులో నినాదాలు చేసినటువంటి చిన్న కేసును దాచినా, అధికారులు తమ విచక్షణతో మన్నించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకునే మా కుర్రాడి చేత హైకోర్టు న్యాయ సేవా కమిటీకి దరఖాస్తు పెట్టించాం. ఫలితం ఎలా వస్తుందో చూడాలి.

వచ్చే సీజనులో మళ్లీ కాంటాలు ఆగుతాయి, మళ్లీ రోడ్డెక్కుతాం. పిలవడానికి ఆ కౌలు రైతు ఇంటికీ వెళ్లాలి. ఈసారి ఆయన గుమ్మం ముందు నిలబడినప్పుడు, మీ అబ్బాయి కోసం సంఘం ఏం చేసిందో చెప్పగలిగి ఉండాలి.