తొమ్మిది రోజుల సెలవు, అలాస్కా అంత అడవి

"ఇదేం డ్యూటీ చార్టమ్మా?"

నా ఎక్సెల్ షీట్ చూసి నాన్న అన్న మొదటి మాట ఇది. మూడు రాత్రులు నిద్ర మానుకుని, ఒక్కో రోజుకి ఒక్కో రంగు వేసి తయారుచేసిన అలాస్కా ట్రిప్ ప్లాన్ అది. కాస్త మెచ్చుకుంటాడనుకున్నా.

విషయం ఏంటంటే, అమ్మానాన్నలు మార్కాపురం నుంచి సియాటిల్‌లో మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఇంకో రెండు నెలల్లో వెళ్లిపోతారు. నాన్న మోకాళ్ల సంగతి చూస్తుంటే, ఇంత దూరం విమానం మళ్లీ ఎక్కుతాడన్న నమ్మకం నాకు లేదు. నాకేమో ఆఫీసులో దొరికింది ఐదు రోజుల సెలవు. ముందూ వెనకా వీకెండ్‌లు కలిపితే తొమ్మిది. అందుకే ఆ తొమ్మిది రోజుల్లో అన్నీ చూపించేయాలని ఆశ. మీకు మాత్రం ఉండదా?

మొదట కారులోనే వెళ్దామనుకున్నాం. సియాటిల్ నుంచి యాంకరేజ్‌కి రోడ్డు మీద 2,200 మైళ్ల పైనే. వెళ్లడానికే వారం పడుతుంది. పైగా మధ్యలో ఉన్నది కెనడా. అమ్మానాన్నలకి మళ్లీ కెనడా వీసా కావాలి. అదే విమానంలో అయితే మూడున్నర గంటలు. సరే, ఎగిరిపోయి అక్కడే పెద్ద బండి అద్దెకి తీసుకుందాం అన్నాడు మా ఆయన.

ఇక నా ప్లాన్ వినండి. యాంకరేజ్, సీవర్డ్, హోమర్, డెనాలీ, ఫెయిర్‌బ్యాంక్స్, అక్కడి నుంచి ఆర్కిటిక్ సర్కిల్ దాకా వెళ్లి ఒక ఫొటో, తిరిగొచ్చి వాల్డెజ్, మళ్లీ యాంకరేజ్. మ్యాప్‌లో వేలు పెట్టి చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి. ఫోన్ స్క్రీన్ చేసే మోసం అది. అలాస్కా విస్తీర్ణం 17 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో సగం కన్నా ఎక్కువ. అందులో ఉండే జనమేమో ఏడు లక్షల చిల్లర. రాజధాని జూనోకి అసలు బయటి నుంచి రోడ్డే లేదు, విమానమో ఓడో ఎక్కాల్సిందే.

నాన్న కళ్లజోడు సవరించుకుని, కరెంటు బిల్లు వెనకాల లెక్క వేశాడు. "1,900 మైళ్లు. విమానం రోజులు రెండూ తీసెయ్. ఏడు రోజులకి రోజుకి 430 కిలోమీటర్లు పైనే. మా డిపోలో ఇలాంటి చార్ట్ ఇస్తే యూనియన్ వాళ్లు ఊరుకునేవాళ్లు కాదు."

నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ డ్రైవర్. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం సర్వీసు ఎన్ని వందల సార్లు నడిపాడో లెక్కే లేదు. నేను ఊరుకోకుండా అన్నాను: "మరి అన్నీ చూడాలి కదా నాన్నా, మళ్లీ మళ్లీ వస్తామా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ముప్పై ఏళ్లు నల్లమలలో తిరిగానమ్మా. నేను చూసింది రోడ్డు, టైము. అంతే. మీ అమ్మ ఎన్నిసార్లు అడిగిందో, ఒక్కపూట అడవిలో ఆగి చూద్దామని. తీసుకెళ్లలేదు."

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం, ఈసారి అందరం. రూల్ ఒక్కటే. చేర్చడం ఉండదు, తీసేయడమే. ముందు ఆర్కిటిక్ సర్కిల్ పోయింది. అక్కడికి వెళ్లే డాల్టన్ హైవే 414 మైళ్లు, చాలావరకు కంకర రోడ్డు. కోల్డ్‌ఫుట్ దాటాక 240 మైళ్ల దాకా పెట్రోల్ బంకే ఉండదు. చాలా అద్దె కార్ల వాళ్లు ఆ రోడ్డెక్కితే ఒప్పుకోరు కూడా. తర్వాత వాల్డెజ్, హోమర్, ఫెయిర్‌బ్యాంక్స్ వరసగా పోయాయి. ఒక్కొక్కటి కొట్టేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. మా ఆరేళ్లవాడు మాత్రం "తాతా, ఇంకోటి కొట్టెయ్" అని చప్పట్లు.

చివరికి మిగిలింది ఇది. శనివారం రాత్రి యాంకరేజ్. సీవర్డ్‌లో రెండు రాత్రులు: 127 మైళ్ల దారి, ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రపు పాయ, చివర్లో హిమానీనదాలు. తల్‌కీట్నాలో ఒక రాత్రి. డెనాలీలో మూడు రాత్రులు. శనివారం వెనక్కి, ఆదివారం విమానం. మొత్తం 760 మైళ్ల దాకా.

"డెనాలీకి మూడు రాత్రులెందుకు?" అని నేనే అడిగాను. అక్కడి కొండ 6,190 మీటర్లు, ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా ఎత్తు. కానీ ఎప్పుడూ మబ్బుల్లోనే ఉంటుంది. వెళ్లినవాళ్లలో మూడో వంతు మందికే కనిపిస్తుందంటారు. "దర్శనానికి క్యూలో నిలబడమా ఏంటి? ఇదీ అంతే" అంది అమ్మ. వాదన అక్కడితో ముగిసింది.

మీరూ ఇలాంటి ప్లాన్‌లో ఉంటే, మేం నేర్చుకున్నవి కొన్ని. డెనాలీ పార్కు రోడ్డు 92 మైళ్లున్నా, వేసవిలో సొంత కారు 15వ మైలు దాకానే. ఆపైన పార్కు బస్సే, టికెట్ ముందే తీసుకోవాలి. 2021 ఆగస్టులో కొండచరియ జారి 43వ మైలు దగ్గర ఆ రోడ్డు మూతపడింది. కాబట్టి బస్సులు ఎందాకా వెళ్తున్నాయో చూసుకున్నాకే బుక్ చేయండి. దారిలో సిగ్నల్ పోతూ ఉంటుంది, మ్యాప్‌లు ఫోన్లో ముందే దించుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి. ఎలుగుబంట్ల కోసం వాడే స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనాలి. పార్కులో ఎలుగు కనిపిస్తే కనీసం 300 గజాల దూరంలో ఉండాలి. సెల్ఫీల పిచ్చి ఉన్నవాళ్లు ఈ లైను రెండుసార్లు చదవండి.

జూన్‌లో ధ్రువకాంతులు కనిపిస్తాయా అని అడుగుతున్నారు చాలామంది. చీకటి పడితే కదా! ఆ నెలలో ఫెయిర్‌బ్యాంక్స్‌లో పగలే 21 గంటల పైన. కళ్లకి గంతలు, దోమల మందు పెట్టుకుంటే చాలు.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఆవకాయ దగ్గర వచ్చింది. ఎలుగుబంట్లకి వాసన ఇట్టే తెలిసిపోతుంది, తిండి ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు అని చెప్పాను. అమ్మ సీసా మూతకి రెండు కవర్లు చుట్టి, పైన రబ్బరు బ్యాండ్లు వేసి, "ఇప్పుడు వచ్చి అడగమను" అంది. నాన్న ఇన్సులిన్‌కి చల్లటి సంచి, రైస్ కుక్కర్, చింతపండు పులిహోర పేస్టు, అన్నీ సర్దేశాం.

రేపు పొద్దున్నే విమానం. అక్కడ బండి నడిపేది నేనే. నాన్న పక్క సీట్లో. ఇందాక నా దగ్గరికొచ్చి, "గంటన్నరకోసారి ఆపాలి, నా మోకాళ్లకి" అన్నాడు. సరే అన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఆపినప్పుడు టైం చూడకు."