ముఖానికి ఆపరేషన్: ముందు వేసుకోవలసిన లెక్క

కిందటి సంచికలో నామినేషన్ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాలలో రెండు బ్యాంకుతో పెద్దగా సంబంధం లేనివి. ఒకటి అమెరికా నుంచి, ఇంకొకటి ఇక్కడే మందవెల్లి నుంచి. రాసిన ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ పేరు వేయవద్దన్నారు. మొదటావిడ మద్రాసు వచ్చి ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలనుకుంటున్నారు. రెండో ఆవిడ అదే పనికి బ్యాంకాక్ వెళ్ళాలనుకుంటున్నారు. డబ్బు సంగతి చెప్పమని ఇద్దరూ అడిగారు.

నేను డాక్టరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినదాన్ని. అయితే కిందటి మార్గశిరంలో మా వదిన, అంటే పెద్ద మేనత్తగారి అమ్మాయి, డల్లాస్ నుంచి వచ్చి ఈ ఆపరేషన్ చేయించుకుంటే తోడున్నది నేనే. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. అరవై దాటాక ఈ సింగారమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నెలనెలా జుట్టుకు రంగు వేసుకునే మనం ఆ మాట అనడం బాగుండదు.

ముఖం బాగుచేయడం మన దేశానికి కొత్త విద్య కాదు. తెగిన ముక్కును చెంప చర్మంతో ఎలా తిరిగి చేయాలో సుశ్రుత సంహితలో ఉంది. మన వైద్యులు నుదుటి చర్మంతో ముక్కు చేసే పద్ధతి గురించి 1794లో లండన్ జెంటిల్‌మన్స్ మాగజైన్ అచ్చువేస్తే అక్కడి వైద్యులు చూసి నేర్చుకున్నారు. ఇక మద్రాసుకు వైద్యానికి రావడమంటారా, చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారు 1983లో గ్రీమ్స్ రోడ్డులో అపోలో తెరిచిన తరువాత అది పెద్ద వ్యవహారమే అయింది. ఆ చుట్టుపక్కల లాడ్జీల మీద బెంగాలీ బోర్డులు చూస్తే మీకే తెలుస్తుంది.

వదిన పద్దెనిమిది రోజుల సెలవు మీద వచ్చింది. మూడో రోజు ఆపరేషన్, పదో రోజు సభలో కచేరీ, పదిహేనో రోజు బంధువుల పెళ్ళి, ఆ తరువాత విమానం. కాగితం మీద చక్కగా ఉంది. సర్జన్ గారు బి.పి. చూసి, ఇది అదుపులోకి వచ్చేదాకా కత్తి పట్టనన్నారు. వారం పోయింది. వదినకు కోపం వచ్చింది గాని, నాకు మాత్రం ఆయన మీద నమ్మకం అప్పుడే కుదిరింది.

ఈ ఆపరేషన్లో కోత కణతల దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు నుంచి తమ్మె కిందుగా చెవి వెనక్కి వెళుతుంది. చర్మాన్ని ఊరికే లాగి కుట్టరు. దాని కింద ఉన్న పొరను కూడా బిగించి, మిగిలిన చర్మం తీసేస్తారు. రెండు మూడు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీనితో చెంపలు, దవడ, మెడ బిగుస్తాయి గాని నుదుటి గీతలూ కనురెప్పల సంచులూ పోవు. బిగిసినది కూడా కలకాలం నిలవదు, వయసు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది.

అసలు భయం మొదటి ఇరవైనాలుగు గంటల్లో. చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడమే ఈ ఆపరేషన్లో తరచుగా వచ్చే చిక్కు. బి.పి. ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. వదినకు ఆ రాత్రి పదకొండున్నరకు ఎడమ చెంప ఉబ్బడం మొదలైంది. ఒక పక్కే నొప్పి, బిగుతు. నేను నర్సును పిలిచాను. అర్ధరాత్రి దాటాక మళ్ళీ థియేటర్‌కు తీసుకువెళ్ళి చేరిన రక్తం తీశారు. ఆలస్యమైతే చర్మం దెబ్బతినేదని తరువాత చెప్పారు. ఇంట్లో అందరికీ పళ్ళ వైద్యానికి వెళుతున్నానని చెప్పి వచ్చిన మనిషి ఆవిడ. నాకు చెప్పకుండా ఒక్కతే హోటల్ గదిలో నిద్రమాత్ర వేసుకుని పడుకుని ఉంటే ఏమయ్యేదో! రహస్యంగా చేయించుకోండి, కాదనను. ఒక్కరికైనా చెప్పి, ఆ ఒక్కరిని పక్కన పెట్టుకోండి.

తరువాతి రోజులు విసుగు తప్ప ప్రమాదం లేదు. తల ఎత్తున పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు. వారం తరువాత కుట్లు తీశారు. కమిలిన నీలం రంగు పసుపులోకి మారి పోయేసరికి రెండు వారాలు దాటింది. చెవుల దగ్గర మొద్దుబారడం కొన్ని నెలలు ఉంటుంది కనుక వజ్రాల దుద్దులు లాకర్లోనే ఉండిపోయాయి. కచేరీ లేదు, పెళ్ళీ లేదు. పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందట. పొగతాగేవారు కొన్ని వారాల ముందే మానాలి. ఆస్పిరిన్, చేపనూనె మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి సర్జనుకు చెప్పాలి. గుండెకోసం వేసుకునే ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మానకండి.

ఇక నా శాఖలోకి వస్తాను. ఇక్కడ ఖర్చు అమెరికాలో అయ్యే దానిలో చిన్న భాగమే. అయితే ఆసుపత్రి చెప్పే ప్యాకేజీ మొత్తం ఖర్చు కాదు. మత్తు డాక్టరు, రెండోసారి థియేటర్, తోడుండే మనిషి టికెట్టు, పొడిగించిన బస, విమానం తేదీ మార్పు, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. అందం కోసం చేసే ఆపరేషన్‌కు జి.ఎస్.టి. మినహాయింపు లేదు, అదీ కలుపుకోవాలి. మన ఆరోగ్య బీమాలు దీనికి డబ్బివ్వవు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే మరమ్మతుకే మినహాయింపు. నగదుగా రెండు లక్షలు, ఆ పైన కట్టబోతే ఆసుపత్రి తీసుకోకూడదు. ఎన్.ఆర్.ఇ. ఖాతా నుంచి నేరుగా పంపితే సరి. ఓ.సి.ఐ. కార్డు ఉంటే వీసా గొడవ లేదు. లేనివారికి వైద్య వీసా వేరుగా ఉంది, తోడు వచ్చేవారికీ ఉంది.

మందవెల్లి సోదరికి: లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు, 2015 నుంచి ఇదే పరిమితి. పాన్ కార్డు, ఎ2 ఫారం కావాలి. ఏడాదిలో పంపినది పది లక్షల రూపాయలు దాటితే బ్యాంకు మీ దగ్గర టి.సి.ఎస్. వసూలు చేస్తుంది (2025 ఏప్రిల్‌కు ముందు ఈ గీత ఏడు లక్షలు). అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటవుతుంది. మొత్తం సొమ్ము ముందే పంపమనే ఏజెంటుకు పంపకండి, ఆసుపత్రి ఖాతాకే పంపండి. కత్తి పట్టే సర్జన్ పేరు, ఆయన అర్హత, తిరిగివచ్చాక చెడితే ఎవరు చూస్తారు అన్నవి రాతపూర్వకంగా అడగండి. మన ఊరి ప్లాస్టిక్ సర్జన్ ఒకరితో ముందే మాట్లాడి ఉంచుకోవడం మంచిది.

విమానం సంగతి ఇద్దరికీ వర్తిస్తుంది. ముఖం మీద ఆపరేషన్ అయ్యాక ఏడు నుంచి పది రోజులు ఆగమని బ్రిటన్‌లో సలహా ఇస్తారు. చిక్కులొస్తే ఇంకా ఎక్కువ. వదిన పద్దెనిమిది రోజులు ముప్పైమూడయ్యాయి. వెళ్ళేటప్పుడు ముఖం ఇంకా కొంచెం వాచి ఉంది కనుక, పాస్‌పోర్టు ఫోటోతో పోల్చి ఎవరైనా అడిగితే చూపడానికి డిశ్చార్జి సమ్మరీ రెండు కాపీలు చేతిసంచీలో పెట్టి పంపాను.