చేరువలోని విద్యార్థులు

కందిలోని హైదరాబాద్ ఐఐటీకి 2008లో తొలి నీడనిచ్చింది ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణమే. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్, విద్యార్థులను తన పొలాల్లో, ప్రయోగశాలల్లో పరిశోధనకు చేర్చుకుంటుంది. సంస్థ పని ముందుకు సాగుతుంది. విద్యార్థి పరిశోధన పూర్తవుతుంది.

మన పరిశ్రమలు కొన్నింటిలో మాత్రం ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన పిల్లలచేత జిరాక్సులు తీయించి, చివరిరోజున సర్టిఫికెట్ చేతికిచ్చి పంపడం చూస్తున్నాము. యజమానులైన సోదరులకు మా మనవి ఒక్కటే: వారికి ఒక నిజమైన సమస్యను అప్పగించండి. పదేపదే ఆగిపోయే యంత్రమో, వృథాగా పోయే నీరో కావచ్చు. అనుభవజ్ఞుడైన కార్మికుణ్ణి తోడుగా ఇవ్వండి. మనం అలవాటుపడిపోయిన లోపం కొత్త కళ్లకు కనిపిస్తుంది. దారిఖర్చులు, భత్యం తప్పక చెల్లించండి. విద్యార్థి వెచ్చించే కాలం కూడా మన చేతిలోని అమానతే.