అరిగిన మోకాళ్ల మీద బేరం

హోసూరు దగ్గర మా సంఘంలో ఒక తల్లి ఉంది. ఆమె కొడుక్కి 19 ఏళ్లు. పుట్టుకతో హీమోఫీలియా. కుడి మోకాలు వంగదు. కిందటేడు ఒక కరపత్రం పట్టుకొచ్చి, "అయ్యగారూ, స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్ వేస్తే అరిగిపోయిన గుజ్జు మళ్లీ పెరుగుతుందంట. 3 లక్షలు అడుగుతున్నారు. సంఘంలో ఒక మాట చెప్పండి" అంది. చెప్పాను. ప్రత్యేక కానుక పట్టాం. కూలికి పోయే విశ్వాసులు కూడా ఇచ్చారు. ఇంజెక్షన్ వేసిన రాత్రే మోకాలు కుండలా ఉబ్బింది. గుజ్జు పెరగలేదు, ఉన్న కాస్త నడకా పోయింది.

ఆ పాపంలో నా వంతు ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ మోకాలు ఎలా పోయిందో తెలుసుకుందాం. హీమోఫీలియా ఉన్నవాళ్ల రక్తంలో గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఉండదు, లేదా చాలా తక్కువ. 'ఎ' రకంలో 8వ ఫ్యాక్టర్, 'బి' రకంలో 9వది. దెబ్బ తగలకపోయినా కీళ్లలో రక్తం కారుతుంది. ఆ రక్తంలోని ఇనుము చేరి కీలు లోపలి పొర వాస్తుంది. వాచిన పొరలో మళ్లీ రక్తం కారుతుంది. అలా ఏళ్ల తరబడి జరిగి గుజ్జు తినేస్తుంది. ఇలాంటి కీలులోకి ఫ్యాక్టర్ ఎక్కించకుండా సూది దింపడమే ప్రమాదం.

ఆ క్లినిక్ వాళ్లు తల్లికి వేలూరు సీఎంసీ గురించిన పేపరు కటింగు చూపించారట. వేలూరులో జరిగింది వేరు. అక్కడ హీమోఫీలియా 'ఎ' ఉన్న 5 మంది నుంచి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు తీసి, వాటిలో 8వ ఫ్యాక్టర్ జన్యువును చేర్చి, బలమైన కీమోథెరపీ ఇచ్చాక తిరిగి ఎక్కించారు. పరిశీలించిన కాలంలో ఆ ఐదుగురికీ రక్తస్రావం కాలేదు. 2024 డిసెంబరులో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ వైద్యుల కోసం దేవునికి స్తోత్రం! కానీ అది రక్తస్రావాన్ని ఆపే ప్రయోగం. మోకాలికి గుజ్జు మొలిపించే ఇంజెక్షన్ కాదు. 'స్టెమ్ సెల్' అనే ఒక్క మాటను అక్కడ అరువు తెచ్చుకొని ఇక్కడ అమ్ముకుంటున్నారు.

"స్టెమ్ సెల్స్‌కు అనుమతి ఉంది కదా" అంటారు. మామూలు మోకాళ్ల అరుగుదలకు ఒక ఉత్పత్తికి మన దేశంలో అనుమతి ఉంది. హీమోఫీలియా కీళ్లకు కాదు. అనుమతి లేని జబ్బుకు వాడితే అది పరిశోధనే అవుతుందని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనకు ఒళ్లు అప్పగించిన రోగి దగ్గరే డబ్బు గుంజడం ఏ ధర్మం?

"జీన్ థెరపీ వస్తోంది, ఓపిక పట్టండి" అనేవాళ్లు ఇంకొందరు. వచ్చింది. 2022లో అమెరికాలో 'బి' రకానికి అనుమతి పొందిన హెమ్‌జెనిక్స్ ఒక్క మోతాదు ధర 35 లక్షల డాలర్లు. అదీ పెద్దవాళ్లకే. అదైనా ఇకమీదట కారే రక్తాన్ని తగ్గిస్తుంది గాని పాడైన కీలును కొత్తది చేయదు. పిల్లవాడి మోకాలు అంతదాకా ఆగుతుందా?

ఆగనక్కర్లేకుండా కాపాడే దారి ఎప్పటినుంచో ఉంది. రక్తం కారాక కాదు, కారకముందే క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఇవ్వడం. 2007లో అమెరికాలో 65 మంది చిన్నపిల్లల మీద జరిగిన అధ్యయనం ఇది: ఆరేళ్ల వయసు నాటికి, ముందుగానే ఫ్యాక్టర్ అందుకున్నవాళ్లలో 93 శాతం మంది కీళ్లు బాగున్నాయి. రక్తం కారాక ఇచ్చినవాళ్లలో 55 శాతమే. ఇప్పుడు 'ఎ' రకానికి చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ కూడా ఉంది. మా అబ్బాయి మోకాలు సైన్సు లేక పోలేదు. సమయానికి మందు చేరక పోయింది.

ఇది జాలితో తీరే సంగతి కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో హీమోఫీలియా ఒకటి. మనది సరిహద్దుల్లో బతికే జనం. పని ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రంలో. యానాం వాళ్ల రాజధాని వందల కిలోమీటర్ల అవతల. బిడ్డ కీలులో రక్తం కారుతుంటే "ఏ రాష్ట్రం మీది?" అని అడగకూడదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పిల్లలకు ముందుజాగ్రత్త మందు, ఫిజియోథెరపీ ఉండాలి. మన సంఘాలు కలెక్టరు దగ్గరకు వెళ్లాల్సింది దీనికోసం.

పాస్టర్లారా, కరపత్రం చూసి కానుక పట్టకండి. ముందు హీమోఫీలియా చూసే ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుణ్ణి అడగండి. ఆ డబ్బుతో బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లే బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన కూలి ఇవ్వండి. కీలు పూర్తిగా పోయినవాళ్లకు ఫ్యాక్టర్ ఎక్కించి చేసే కీలు మార్పిడి ఉంది, దానికి తోడు నిలవండి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఆ స్త్రీకి 12 ఏళ్ల రక్తస్రావం. ఉన్నదంతా వైద్యులకు పోసింది, జబ్బు ఇంకా ముదిరింది. ఆమె విశ్వాసం గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆమె డబ్బు ఎవరు తిన్నారని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.