పెట్టెలోని పొగబండి

గతించిన బాల్యముపై మమత మానవసహజము. దానిని మేము నిందింపము. కాని ఆ మమత దేనిని కాపాడుచున్నదో, దేనిని మఱచుచున్నదో విచారించుట యుక్తము. ఇంగ్లండునందును అమెరికాయందును పాతకాలపు బొమ్మరైళ్ళను, గాడిలో పరుగిడు బొమ్మకారులను వెదకి కొనుచున్న పెద్దలు నేడు పెక్కుమంది కలరు. వేలములయందు పెట్టె విప్పని బొమ్మకు వెల హెచ్చు. పిల్లవాని చేతిలో అరిగినదానికి వెల తక్కువ. ఆడుకొనుటకై చేసిన వస్తువు ఆడుకొననందుననే గౌరవము పొందుట వింతకాదా?

ఈ బొమ్మల పుట్టుక వేఱు. లివర్‌పూలు నగరమున ఫ్రాంకు హార్న్‌బీ యను ఉద్యోగి తన కుమారులకొఱకు చిల్లులుగల లోహపు పట్టీలను బోల్టులతో బిగించి ఆటవస్తువులు కల్పించి, 1901లో పేటెంటు పొందెను. అదియే పిమ్మట మెకానోయైనది. 1920లో ఆయన సంస్థ వెలువరించిన మొదటి కీ రైళ్ళును విడదీసి తిరిగి కూర్పదగినవే. 1938లో 16.5 మిల్లీమీటర్ల పట్టాలపై నడచు డబ్లో రైళ్ళు వచ్చెను. 1957లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ స్కేలెక్స్‌ట్రిక్ కారులను ప్రదర్శించెను. చేతిలోని మీట నొక్కినకొలది విద్యుత్తు హెచ్చి కారు పరుగెత్తును; వంపునొద్ద వేగము తగ్గింపనిచో గాడి తప్పి యెగిరిపడును. ఆ పాటు నేర్పిన పాఠము ఏ యుపన్యాసమును నేర్పజాలదు.

అది వట్టి ఆటయని తలచువారికి ఒక్క నిదర్శనము చాలును. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1946లో బొమ్మరైళ్ళ సంఘమొకటి యేర్పడెను. కొందఱు బల్లపైని బండ్లకును ఊళ్ళకును రంగులు దిద్దిరి. మఱికొందఱు బల్లక్రింద దూఱి తీగలను, టెలిఫోను రిలేలను కూర్చి బండ్లను నడిపిరి. ఈ రెండవ తెగవారిలో పలువురు కంప్యూటర్లవైపు మరలిరి. 1962 నాటి స్పేస్‌వార్ అను కంప్యూటరు ఆటను నిర్మించినవారిలో ఈ సంఘసభ్యులు కలరు.

ఇక ఆ బొమ్మలను చేసిన చేతులేమైనవి? 1964లో లైన్స్ సోదరుల సంస్థ మెకానోను కొనెను. 1971లో తానే కూలెను. తరువాత ఎయిర్‌ఫిక్స్ వశమైన లివర్‌పూలు బిన్స్ రోడ్డు కర్మాగారము 1979 నవంబరులో మూతపడెను. జీవనోపాధి కోల్పోయిన కార్మికులు కర్మాగారమును ఆక్రమించి ప్రతిఘటించిరి, ఫలము లేకపోయెను. 1990లలో హార్న్‌బీ పేరిటి బండ్ల తయారీయు చైనాకు తరలెను. పేరు నిలిచెను, జ్ఞాపకము అమ్ముడుపోవుచున్నది. ఆ పనితనము పుట్టిన వీథికి మాత్రము పని దక్కలేదు. పాత పెట్టెపై కన్నీరు కార్చువారు ఈ కార్మికులను గూర్చి ఒక్కమాటయైన పలుకరేమి?

సేకర్తలు లేనిచో ఈ మాత్రమును మిగులదని వారి పక్షమున వాదింపవచ్చును. ఆ వాదమున సత్యము కలదు. మేలైన నమూనాలు ప్రదర్శనశాలలలో భద్రముగ నుండవలసినదే. కాని పెట్టెయు శాశ్వతరక్షణ కాదు. 1930ల నాటి పోతబొమ్మలలో కొన్నిటి జింకు మిశ్రలోహమున సీసము వంటి మాలిన్యము చేరుటచే, ఎవరును ముట్టకున్నను, అవి తమంత తామే బీటలువాఱి పొడియగుచున్నవి. లోహము దాచినను నశించును; విద్య పంచినకొలది పెరుగును.

కావున ఆ బొమ్మలు గల గృహస్థులకు మా మనవి యొక్కటియే. పెట్టె విప్పుడు. పట్టాలు పఱచి, తుప్పు తుడిచి, ఇరుసున చుక్క నూనె వేసి బండిని నడుపుడు. కుమార్తె చేతికి, మనుమని చేతికి స్క్రూడ్రైవరు నిండు. బండి పట్టా తప్పినచో గద్దింపక, ఏల తప్పెనో వారినే కనుగొననిండు. వెల కొంత తగ్గును, నిజమే. కాని ఆ బొమ్మ యెందులకు పుట్టెనో ఆ పని నెఱవేఱును. అంతకు మించిన గౌరవము దానికి వేఱొండు లేదు.